ఒంటి చెప్పు

ఎనిమిది నెలలు గోడకి వేలాడింది ప్రకటన:
"రాత్రి పనికి మనుషులు కావలెను."
ఫోన్ ఒక్కసారే మోగింది,
అదీ రాంగ్ నంబరు.

అకితాలో మంచు మోకాలి దాకా పడిన వారం
అట్టపెట్టెలోంచి దిగిందది.
నడుమెత్తు, బూడిద రంగు,
మలుపు మలుపుకీ "కాస్త దారివ్వండి" అనే ఆడగొంతు.
డ్యూటీ పట్టీలో దానికో వరుస గీశాను,
పేరు గడిలో ఏం రాయాలో తెలీక
చుక్క పెట్టి ఊరుకున్నాను.

తొమిఎ గారికి అరవై ఎనిమిది.
ఆసుపత్రి నాలుగంతస్తులూ ఆమె మోకాళ్ళకి కంఠతా వచ్చు.
మొదటి రాత్రి దాని వంక చూడలేదు.
రెండో రాత్రి మూడింటికి అది ఆగిపోయింది
ఎవరో రోగి జారవిడిచిన ఒంటి చెప్పు ముందు,
దీపం ఆర్పుతూ, వెలిగిస్తూ,
గుమ్మంలో అప్పులవాడిలా ఓపిగ్గా.
ఆమె పై అంతస్తు నుంచి దిగొచ్చి
చెప్పుని పక్కన పెట్టి
"ఇంతేనా నీ చదువు?" అంది.
ఎనిమిది నెలల్లో ఆమెకి
విసుక్కోవడానికి దొరికిన మొదటి తోడు.

ఇప్పుడు నడవాలన్నీ దానివి.
మంచాల కిందా, కుళాయిల వెనకా, వాంతులూ ఆమెవి.
పని తగ్గిందా అంటే
"నడక తగ్గింది, వంగడం తగ్గలేదు" అంటుంది.
వంగే యంత్రం ధర కనుక్కున్నాను.
ఆ కాగితం సొరుగులోనే ఉంది.

ఈ ఆదివారం ఆమెకి సెలవిచ్చాను,
ఈ ఏడాదిలో మొదటిది.
రాత్రి మూడింటికి ఫోన్ మోగింది.
"కుదో గారూ, ఆగిందా?"
"ఆగింది."
"ఎక్కడ?"
చెప్పాను.
అటువైపు నవ్వు, కెటిల్ మూత చప్పుడు.
ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని
నడుం పట్టుకుని
వంగాను.