మైనపు పన్ను

నక్కలగుట్టలో రెండో అంతస్తు, పళ్ల ల్యాబు.
నా కుడిదవడ కింద ఖాళీ.
నాలుకకు వేరే పనిలేదు,
దినమంతా ఆ గుంతనే తడుముతుంటది.

ల్యాబు పిల్ల పేరు ఉయికె సోంబాయి.
శెనగగింజంత నీలిమైనం తీసి
దీపం మీద కాగిన చిన్న కత్తితో
నా పన్నుకు ఎత్తూ పల్లమూ దిద్దుతున్నది.
"దీని చుట్టూ సున్నమసొంటి ముద్ద పోస్త సార్.
కొలిమిల పెడితే మైనం కారిపోతది.
అది ఖాళీ జేసిన జాగల లోహం పోస్త."

ఎక్కడ నేర్చినవమ్మా అంటే
డిప్లొమా పేరు చెప్పి, ఆగి,
"అంతకుముందు మా తాత దగ్గర" అన్నది.

ఆదిలాబాదు అడవుల దిక్కు ఊరు.
తాత ఎద్దుల మెడకు గంటలు పోసేటోడు.
తేనెపట్టు మైనం, పుట్టమన్ను, పేడ.
ఒక్క గంటకు ఒక్కటే అచ్చు,
పగలగొడితేనే గంట బయటికొచ్చేది.
క్లాసులో మాస్టారు ఇదే పద్ధతికి
బోర్డు నిండా ఇంగ్లీషు పేరు రాస్తుంటే
వెనకబెంచీలో ఆమెకొక్కదానికే
పేడ కాలిన వాసన వచ్చిందట.
"విమానం ఇంజను రెక్కలు గూడ
గిట్లనే పోస్తరంట సార్.
మా తాతకు జెప్తే
గంట మోగుతదా అనడిగిండు."

నేను పాలిటెక్నిక్‌లో ముప్పై రెండేండ్లు
పునాదులు చెప్పినోణ్ణి.
మెత్తని నేల, బరువు, కుంగుబాటు...
సుద్దముక్కలు అరిగినయి గాని
సైకిలు మీద పావుగంట దూరంలో
వేయిస్తంభాలు దేనిమీద నిలబడ్డయో
ఒక్కరోజూ చెప్పలేదు. సిలబస్‌లో లేదు.
మండపం విప్పి రాయిరాయికి నంబరేసిన ఏడు
గుంత అంచున నిలబడి చూసిన.
కింద ఇసుక.
పిడికెడు తీసి జేబులో పోసుకున్న,
ఇంటికొచ్చి చూస్తే జేబుకు చిల్లి.

మొన్న పాత విద్యార్థి ఒక పరిశోధన పంపిండు.
భూకంపం ఊపు తగ్గించే ఇసుకపరుపు,
కొత్త ఆలోచనట.
చివర్న నలభైరెండు ఆధారాలు.
వేలుపెట్టి ఒక్కొక్కటే చదివిన.
ఓరుగల్లు లేదు.

రొమ్ము చరుచుకుందామంటే మనసొప్పలేదు.
ఆ ఇసుక కొన్నిచోట్ల కుంగింది కూడా.
తట్టలెత్తిన ఒడ్డెరామెకో, కొలత పట్టిన మేస్త్రికో
ఏం తెలుసో, ఎంత తెలుసో
రాసిన ఆకు లేదు.
వాళ్లు కరిగి కారిపోయిన్రు.
రాళ్లు మాత్రం వాళ్లనుకున్న చోటనే ఉన్నయి.
కొలత తెలిసినా చెప్పని నేను
ఏ లెక్కలోకొస్తనో.

వారానికి పన్ను వచ్చింది.
సోంబాయి నీలికాగితం నోట్లో పెట్టి
కొరకమన్నది.
కొరికిన.
దీపం దగ్గరికి తీసుకపోయి చూసి
"జర ఎత్తుంది సార్" అన్నది,
"ఇంకొంచెం గీకాలె. నోరు తెరిచే ఉంచుండ్రి."