రెండు కనుమల మధ్య

పందొమ్మిదేళ్ళు
తెల్లారకముందే వీళ్ళని ఒక కనుమలో దింపి
పొద్దువాలాక ఇంకో కనుమలో ఎక్కించుకున్నాను.
మధ్యలో ఏముంటుందో ఎరగను.
దిగేటప్పుడు సబ్బు వాసన,
ఎక్కేటప్పుడు చెమటా, నలిగిన ఆకుల వాసనా.
ఆ రెండు వాసనల మధ్య ఎక్కడో కొండ ఉండేది.

నాకు తెలిసిన కొండకి
సొరంగాలున్నాయి, మలుపులున్నాయి, టోలు చీటీలున్నాయి.
శిఖరం లేదు.

ఈ వేసవిలో కంపెనీ నన్నిక చాలు పొమ్మంది.
వీడ్కోలుకి క్లబ్బు వాళ్ళు బూట్లు కొనిచ్చారు.
సైజెలా తెలిసిందంటే
మల్‌సున్ అక్క అంది:
"ఇన్నేళ్ళూ మెట్టు మీద నీ చెప్పులు దాటుకునే కదా ఎక్కాం."

ఇహ్వార్యంగ్. బేరిపూల కనుమ అని అర్థమట.
అక్టోబరు చీకట్లో పూలెక్కడివి?
నుదుటి దీపాలు మాత్రం
ఎర్రలైటు దగ్గర ఆగిన బళ్ళలా ఒకదాని వెనక ఒకటి.
ఇన్నేళ్ళూ నా అద్దంలో ముఖాలైన వాళ్ళు
ఇవాళ ఉత్త మడమలు.
మడమల్ని చూస్తూ నడిచాను.

తెల్లవారాక కొమ్మలకి రిబ్బన్లు కనిపించాయి,
పసుపువి, నీలివి, వెలిసి ఏ రంగో తెలియనివి.
గ్వాంగ్జు వాళ్ళవి, ఉల్సాన్ వాళ్ళవి,
ఒకటి మటుకు ఏ క్లబ్బుదీ కాదు, ఒక మనిషి పేరు.
దారి తప్పానేమో అనుకున్న ప్రతిచోటా
ఎవరో నాకన్నా ముందే తప్పి, తెలుసుకుని, కట్టి పోయారు.

జోర్యంగ్ శిఖరం దాటితే అంతా రాయి. తాళ్ళు.
నా చేతులకి గుండ్రటిది పట్టుకోవడమే తెలుసు.
కిందనుంచి ప్యో అనే కుర్రాడు
"ఎడమ కాలు బాబాయ్, ఇంకాస్త, ఇంకాస్త ఎడమ" అంటున్నాడు.
రివర్సులో నేనెప్పుడూ ఇంకొకరి మాట విన్నవాణ్ణి కాదు.
విన్నాను.

తొమ్మిదింటికి ఒక చదునురాయి దాటి
పొదవైపు తిరిగి నిలబడ్డానో లేదో
వెనక మల్‌సున్ అక్క కేక.
"అటు కాదు! అటు పడింది నక్‌దొంగ్‌లోకి పోతుంది,
రేపు దేగులో మన కుళాయిలోనే వస్తుంది.
ఇటు తిరుగు. సియోల్ వాళ్ళు తాగుతారు."
ముప్పైమంది నవ్వు
గట్టుకి రెండువైపులా దొర్లింది.

అప్పుడు చూశాను కాళ్ళకింద నేలని.
రెండడుగుల వెడల్పు, అంతే.
ఎడమన పడ్డ చినుకు పడమటి సముద్రానికి,
కుడిన పడ్డది దక్షిణాన ఇంకో సముద్రానికి.
ఈ దారి మొదలునుంచి చివరిదాకా
ఒక్క వాగూ దాటక్కర్లేదంది.
మా ఇంటినుంచి ఇక్కడికి నలభై ఏడు వంతెనలు.
నేను లెక్కపెట్టినవే.

"చివరెక్కడ?"
"ఉత్తరాన, కంచె దగ్గర."
"కంచె తర్వాత?"
కీరదోసకాయ విరిచి సగం నా చేతిలో పెట్టింది.
"తర్వాత కూడా కొండే. మా అమ్మ అక్కణ్ణించే వచ్చింది.
ఈ గట్టు మీదుగా కాదులే. ఓడలో."
మిగతా సగం నములుతూ ఇంకేమీ అనలేదు.
నా కీరకాయ చల్లగా ఉంది, కాస్త చేదుగా కూడా.

మధ్యాహ్నం పాత కోటగుమ్మం దగ్గర
మోకాళ్ళు క్లచ్చు అరిగిన బండిలా మూలిగాయి.
తర్వాతి మూడు గంటల గురించి చెప్పుకోడానికేం లేదు.
ఓకు ఆకులు. మళ్ళీ ఓకు ఆకులు.

హనుల్‌జే. ఆకాశకనుమ.
బస్సు ఉంది.
కొత్త డ్రైవరు స్టీరింగు మీద కాళ్ళు చాపి నిద్రపోతున్నాడు.
తలుపు పక్కన నిలబడి, అలవాటు కొద్దీ,
ఎక్కేవాళ్ళని లెక్కపెట్టాను.
పొద్దున దిగింది ముప్పై ఒకటి.
ముప్పై వచ్చింది.
లోపలికి తొంగిచూసి మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై.
"ఎవరో పైనే ఉండిపోయారు" అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
ప్యో చెయ్యి పట్టి నన్ను పైకి లాగాడు.
"ముప్పై ఒకటి" అన్నాడు.

ఘాటు దిగుతుంటే
మలుపు మలుపుకీ నా కుడికాలు
లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.
మొదటి వంతెన వచ్చింది.
కిటికీకి నుదురానించి
నీళ్ళు ఎటు పోతున్నాయో చూశాను.