చెవులున్న గాజు

ఆ పెడల్ ఇటివ్వు వెందులా,
బూట్ల మంచు గుమ్మంలోనే దులుపుకో.
ట్యూబు వెలుగుతోంది, శబ్దమే రావట్లేదంటావా?
నాలుగు స్క్రూలు. పట్టకారు ఏదీ... ఆ, ఇక్కడే.

ఇదీ నీ నారింజ వెలుగు సంగతి:
ట్యూబు అడుగున మినపగింజంత ఎల్ఈడీ!
ఒస్త్రావా చలికి వణికేవాడి ముందు
కుంపటి బొమ్మ గీసి పెట్టారు.
అసలు పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.
ఆరకముందు మాత్రం ఏం వెలగబెట్టిందని?
మూడొందల వోల్టుల ఆకలి దానిది,
నీ అడాప్టరు వడ్డించేది పన్నెండు.
అర్ధాకలితో పాడేవాడి గొంతులో ఒక గరగర ఉంటుంది,
అదీ ఒక రుచే, కాదనను.
దాన్ని అట్టపెట్టె మీద "వెచ్చదనం" అని రాస్తేనే
నాకు ఒళ్లు మండుతుంది.

దీపం దగ్గరికి రా, అసలుది చూపిస్తా.
ఈ గాజులో ఏముందో తెలుసా?
ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడాన్ని తయారు చెయ్యడానికే
రోజ్నోవ్‌లో మూడంతస్తుల ఫ్యాక్టరీ.
గాలంతా పీల్చేశాక మిగిలిన చివరి గుక్కని తాగడానికి
నెత్తిన ఆ వెండి పూత.
అది విరిగిన పాలలా తెల్లబారిందా,
లోపలికి లోకం దూరినట్టే. పారెయ్.

నడుమ సన్నని గొట్టం, దాని కడుపులో నిప్పుతీగ.
వేడెక్కేకొద్దీ గొట్టం ఒంటి పూతలోంచి
ఎలక్ట్రాన్లు పాలపొంగులా లేచి
ఎటు పోవాలో తెలీక అక్కడక్కడే ముసురుతాయి.
చుట్టూ ఉన్న బూడిదరంగు రేకు
రండి, రండి అంటుంది.
ఇద్దరి మధ్యా వెంట్రుక కన్నా సన్నని తీగతో
ఒక జాలీ.
అదే నా పని. పందొమ్మిదేళ్లు.

జాలీ ఎవర్నీ కొట్టదు.
కాస్త మొహం చిట్లిస్తే మంద ఆగుతుంది,
విప్పితే బిలబిలా దాటిపోతుంది.
నీ వేలు మీటిన ఆ చీమంత కదలిక
జాలీ మొహం మీద ఆడితే చాలు,
రేకు దగ్గరికొచ్చేసరికి ఏనుగవుతుంది.
మరీ గట్టిగా మీటావనుకో,
ఏనుగుకి ఇక పెరిగే చోటుండదు.
ట్రాన్సిస్టరైతే కత్తిపీట పెట్టి కోస్తుంది.
ఇది, కొండ కొమ్ముని వాన అరగదీసినట్టు
మెల్లగా గుండ్రం చేస్తుంది,
పైనొకలా, కిందొకలా.
ఆ వంకరలోనే ఉంది నువ్వు వెతికేది.

పౌడరు రాసుకోకూడదు, గోళ్లకి రంగు కూడదు.
మైక్రోస్కోపు మీద వంగితే మధ్యాహ్నం గంటకే తల ఎత్తడం.
ఒక్క నలుసు రాలితే ఒక ట్యూబు చచ్చేది,
జీతంలో అంత కోత.
పక్క బల్ల బ్లాజెనాది.
మాట్లాడుకోవచ్చు, ఎవరూ వద్దనలేదు.
కానీ గోడలకి చెవులున్న రోజులవి.
మేం మాట మానేసి
గాజుకి చెవులు పెట్టాం.

ఇదిగో, గుడ్డలో చుట్టి దాచిన ఈ ఒక్కటీ అమ్మను.
పరీక్షలో తప్పింది.
పెన్సిలు కొనతో తట్టితే స్పీకరు ఖంగుమంటుంది.
పాటకి పనికిరాదు,
తన ఒంటి వణుకుని కూడా సంగీతమే అనుకుంటుంది.
బ్లాజెనా చుట్టిన జాలీ ఇది,
ఒక్క చుట్టు వదులైంది.
ఆ పొద్దున ఆమె చేతులు ఎందుకు వణికాయో
అడగలేదు నేను.

ఉష్. కింద రెండో నంబరు ట్రామ్
మలుపు తిరుగుతోంది...
విన్నావా?

నీ పెడల్ శుక్రవారానికి. నూట ఎనభై కొరూనాలు.
ఆ ఎల్ఈడీ పీకెయ్యనా, ఉంచనా?