తాళం తిప్పిండ్రా?

రామంతాపూర్ల మా షెడ్డుకు
వానాకాలం కార్లు నడిచి రావు,
తాడు కట్టి ఈడ్చుకొస్తరు.
తలుపు తీస్తే సీటు కిందికెల్లి
మురికినీళ్లు, ఒక చంటిపిల్ల చెప్పు,
ఎవరిదో కరెంటు బిల్లు.

ఇంజిన్లు యాదగిరన్న చూస్తడు.
కాగితాలు నావి.
పదకొండేండ్ల సంది క్లెయిమ్ ఫారాలు నింపుతున్న.
ఏ కంపెనీ ఎసొంటిదో
ఫోన్ల పాట ఇని చెప్త.
ఒకటి వీణ వాయించి వాయించి కట్ చేస్తది.
ఒకటి మీ కాల్ మాకు ముఖ్యం అంటది,
ఇరవై నిమిషాలు అంటనే ఉంటది.
ఒకదానికి పాటే లేదు.
ఎత్తినాయన "ఆఁ, చెప్పమ్మా" అంటడు,
ఎనక ఫ్యాను కిర్రుకిర్రుమంటది.

నోట్‌బుక్కు ఆఖరి పేజీల గీతలు కొట్టి రాసుకున్న:
ఎన్ని ఫొటోలు, ఎన్ని జిరాక్సులు, ఎన్ని సంతకాలు,
పైసలు పడేదాంక ఎన్ని దినాలు.
కొత్త బండి కొన్నోళ్లు
ప్రీమియం ఏది తక్కువ అక్కా అనడుగుతరు.
మనం చెయ్యి చాపిన నాడు ఎవరెట్లుంటరో
ఎవరడుగరు.
అడగకున్నా ఆ పేజీ తిప్పి చూపెడ్త.

పోయినేడు దాంక అండ్ల మొదటి పేరు
ఫోన్ల నడిచే కంపెనీది.
నాలుగు ఫొటోలు, ఒక వీడియో,
చాయ్ చల్లారకముందే జవాబు.
ఆఖరి పేరు అబిడ్స్‌ల సర్కారు కంపెనీది.
రెండో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.
మూడు జిరాక్సులు తీస్కపోతే నాలుగోది అడుగుతరు,
గుండుసూది సుత మనదే.

నాలా పొంగిన రాత్రి తెల్లారి
ఒక్క సెల్లార్ నుంచే రెండు కార్లొచ్చినయి.
ఇంతియాజ్ భాయిది, భ్రమరాంబ టీచర్‌ది.
అవే నీళ్లు.
రెండింట్ల స్టీరింగు మీద ఒకే ఎత్తుల బురద గీత.

ఫోను ఇంతియాజ్ భాయిని అడిగింది:
నీళ్లలో ఉన్నప్పుడు తాళం తిప్పారా?
అవును. కాదు.
రెండే గుండ్రాలు.
ఎందుకడుగుతరో నాకెరుకే.
నీళ్లు మింగిన ఇంజిన్‌ను లేపితే
తప్పు నీళ్లది కాదు, మనదైతది.
చెప్పబోయిన. అంతల్నే
"తిప్పిన బేటీ" అన్నడు,
"కోడలికి నొప్పులొస్తున్నయి, తిప్పకుంటె ఎట్ల?"
ఆయన వేలే అవును మీద పడ్డది.

నాలుగు నిమిషాలు.
ఇంజిన్‌కు సున్నా. సీట్లకు ఆరువేల చిల్లర.
కింద అయిదు చుక్కలు,
మా సేవ ఎట్లుందో చెప్పుండ్రని.
అయిదూ నొక్కిండు ఆయన.
జల్దీ చెప్పిండ్రు కదా, అన్నడు.

టీచర్ బండికి సర్వేయరు పదకొండో రోజు వచ్చిండు.
దండపాణి సారు. ప్యాంటు మడిచి బురదల కూసున్నడు.
"తాళం తిప్పినవా అమ్మా?"
"తిప్పిన సార్.
కరెంటు పోయింది, వాచ్‌మన్ పిల్లలు ఆ మూలకే పండుకుంటరు,
కనబడ్తలేరు."
పెన్ను కాగితం దాంక పోయి ఆగింది.
షెడ్డుల రేకుల మీద నీటిచుక్కల చప్పుడే.
"ఎంత దాంక తిప్పినవు?"
టీచర్ సారును చూసింది.
"లైట్లు ఎలిగే దాంక."
యాదగిరన్న చేతిల పానా ఉంది.
ఇంజిన్ ఇంకా ఇప్పలే.
ఎవరం ఏమనలే.
సారు అదే ముక్క, అట్లనే, రాసుకున్నడు.

నాలుగు నెలలు, ఏడు జిరాక్సులు.
చెక్కు మీద పేరుల ఒక అక్షరం తప్పు పడ్డది,
మళ్ల ఆ మెట్లెక్కినం.
మూడో వారం పైసలు పడ్డయి.

ఆ రాత్రి నోట్‌బుక్కుల ఇంకో గీత కొట్టిన.
పైన ఏం రాయాల్నో శానాసేపు తోచలే.
ఎంత దాంక, అని రాసిన.
దాని కింద గళ్లన్నీ, ఒక్కటి తప్ప,
ఇప్పటికీ ఖాళీ.

మొన్న ఇంతియాజ్ భాయి మిఠాయి డబ్బా తెచ్చిండు.
మనుమరాలికి పేరు పెట్టిండ్రట.
ఆటోల వచ్చిండు.