కిటికీ ఉన్న ఆవు

పెన్‌వెన్ పక్కటెముకల వెనక
అరచేయంత రబ్బరు మూత ఉంది.
తెల్లవారుజామున నాలుగింటికి ఆ మూత తీసి
మోచేతి దాకా చెయ్యి లోపల పెడతాను.
వేల్స్ కొండల మీద జనవరి.
మైలు దూరంలో నాకు వెచ్చగా తగిలే చోటు
అదొక్కటే.

ఆవు తల తిప్పి చూడదు.
నములుతూనే ఉంటుంది.

లీటరు పచ్చటి పులుసు ఫ్లాస్కులో పట్టి
చలి తగలకుండా కోటు కింద దాచి
గుట్ట దిగుతాను, పసిబిడ్డని ఎత్తుకెళ్తున్నట్టు.
అందులో ఉన్నది కోట్లమంది,
అందరూ ఆకలి మీదున్నవాళ్లే,
గాలి సోకితే చచ్చిపోయేవాళ్లే.

ప్రయోగశాలలో ఎలిస్తాన్ అప్పటికే మరిగిస్తుంటాడు
పోయిన మార్చిలో కోసిన ఏనుగుగడ్డిని.
రెండు నిలువుల కాడలు, కదిపితే
ఎముకల్లా గలగలమంటాయి.
నూట ఎనభై డిగ్రీలు. ఆమ్లం. ఉక్కు పాత్ర.
ఆవిరి ఒక్కసారిగా వదిలితే తుపాకి పేలిన మోత.
కిందింటి గ్వెన్లియన్ కుక్క గంటసేపు మొరుగుతుంది.

గడ్డిపరకే కదా, అన్నాను చేరిన కొత్తలో.
మాట్లాడకుండా సూక్ష్మదర్శిని నా వైపు జరిపాడు.
ఒక్కో కణం చుట్టూ గోడ,
గోడ లోపల గోడ, దాని లోపల ఇంకోటి.
చక్కెరని పూసలుగా గుచ్చి,
పేటలు పేటలుగా పేని తాళ్లు చేసి,
తాళ్లకి జైలాన్ జిగురు పూసి,
సందుల్లో లిగ్నిన్ కూరుకుంది
సిమెంటు కూరినట్టు.
అక్కడక్కడా ఫెరూలిక్ ఆమ్లం,
చొక్కానీ కోటునీ కలిపేసిన కుట్టు.
ఒకటి లాగితే రెండోది చింపుకోవాల్సిందే.
ఇంత కట్టుబడి ఎందుకని అడిగాను.
"గాలిలో నిలబడ్డానికి" అన్నాడు.
నిలబడ్డానికే.

మా తాత ఇద్రిస్ తవ్విన బొగ్గు కూడా
ఒకప్పుడు గోడలే.
ముప్పై కోట్ల ఏళ్ల కింద
బురదలో పడి ఎవరికీ అరగని చెట్ల గోడలు.
ఆ పొడి ఆయన ఊపిరితిత్తుల్లోకి చేరింది.
అక్కడా అరగలేదు.
రాత్రుళ్లు గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు.

లండన్ నించి డబ్బిచ్చే వాళ్లు వచ్చారు.
చేతికిచ్చిన టీ చల్లారకముందే
ఈ గడ్డితో కారెప్పుడు నడుస్తుందని అడిగారు.
ఎలిస్తాన్ లెక్కలు చూపించాడు:
వచ్చిన చక్కెరలో గ్లూకోజు ఈస్టు తింటుంది,
జైలోజుని కరివేపాకులా ఏరి పక్కన పెడుతుంది,
ఇంకో మూడేళ్లు పట్టొచ్చు,
అయిదూ పట్టొచ్చు.
వాళ్లు ఆయనకి గడ్డి పెట్టి వెళ్లారు.
నేను పెన్‌వెన్‌కి పెట్టాను.
ఇద్దరిలో ఆవుకే అరిగింది.

ఆ వారమే తుఫాను. స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది.
సగం ఉడికిన గడ్డి పాత్రలో తారులా గట్టిపడింది.
టార్చి పట్టుకుని ఎలిస్తాన్ పశువులశాలకి వచ్చాడు,
పదకొండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి.
చొక్కా చెయ్యి మడిచి, సిగ్గుపడుతూ,
మూత తీసి లోపలికి చెయ్యి పెట్టాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"ముప్పైతొమ్మిది" అన్నాడు చివరికి.
"ముప్పైతొమ్మిది డిగ్రీలే."

ఆవుకి తొందర లేదని చెప్పాను.
మింగింది మళ్లీ నోట్లోకి తెచ్చుకుంటుంది,
నమిలి పంపిస్తుంది, మళ్లీ తెచ్చుకుంటుంది.
ఒక కాడ పనిపట్టడానికి దానికి రెండు రోజులు.
అప్పటికీ లిగ్నిన్ని వదిలేస్తుంది,
పేడలో చూడు, అంతా అదే.
ఆయన నవ్వాడో దగ్గాడో చీకట్లో తెలీలేదు.
చెయ్యి మాత్రం తియ్యలేదు.
బయట గాలికి, కొయ్యని చేలో,
ఏనుగుగడ్డి వంగుతూ లేస్తూ ఉంది.

పొద్దున కరెంటు వచ్చింది.
పాత్ర గీకి, కడిగి, మళ్లీ నింపాం.
ఎనిమిదింటికి గ్వెన్లియన్ కుక్క మొరిగింది.