తొడిమలు కలిసే చోటు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో నా మొదటి వారం.
ఏప్రిల్. తుమ్మి తుమ్మి
నా ముక్కు కాయరంగుకి తిరిగాక
ప్యానెల్ తలుపు తీసి
మీటరు నా చేతిలో పెట్టాడు జాన్ సైదా మేస్త్రి.

ఎరుపుకీ నలుపుకీ మధ్య రెండొందల ముప్పై.
పసుపుకీ నలుపుకీ మధ్యా అంతే.
మరి ఎరుపుకీ పసుపుకీ?
ఆనించి చూడకముందే పుస్తకంలో రాసేశాను
నాలుగొందల అరవై.
కూడికే కదా.

మీటరు మూడొందల తొంభై ఎనిమిది దగ్గర ఆగింది.

"బ్యాటరీ వీకయిందేమో" అన్నాను.
"మీటరుకి కాదు" అన్నాడాయన.

గచ్చు మీద చతికిలబడి
చిరిగిన టిక్కీలోంచి రాలిన కాయల్లో
వంకర లేనివి, ఒకే నిడివివి, మూడు ఏరాడు.
"ఇది ఎరుపు, ఇది పసుపు, ఇది నీలం అనుకో."
మూడూ ఎర్రవే.
తొడిమలు ఒకచోట చేర్చి
కొసల్ని దూరం తిప్పాడు,
గడియారంలో పన్నెండూ నాలుగూ ఎనిమిదీ లాగా.
"తొడిమ నుంచి కొసకి ఒక కాయ.
కొస నుంచి కొసకి ఎంతో నువ్వు కొలువు."

గోనెదారం పోగు లాగి కొలిచాను.
రెండు కాయలంత లేదు.
ఒకటిన్నర దాటింది.
ఒకటీ ముప్పాతిక, అందులో ఓ గింజ తక్కువ.

"ఎదురెదురుగా నిలబడుంటే
నీ నాలుగొందల అరవై నిజమేనమ్మా సువార్తా.
వీళ్ళు పెడమొహం పెట్టినోళ్ళు కాదు,
కొంచెం పక్కకి తిరిగినోళ్ళు."

ఐటీఐలో సారు దీన్నే మూడు వర్గమూలం అన్నాడు.
బట్టీ కొట్టి మార్కులు తెచ్చుకున్నాను.
దానికి ఇంత ఘాటుంటుందని అప్పుడు తెలీదు.

బయట ముఠావాళ్ళు ముగ్గురు
లారీకీ చల్లగదికీ మధ్య తిరుగుతున్నారు.
ఒకడు బస్తా ఎత్తుకుంటుంటే
ఒకడు మెట్ల మీద,
ఒకడు ఖాళీ భుజంతో వెనక్కి.
ముగ్గురూ ఒక్కసారి వంగరు, ఒక్కసారి నిలబడరు.
కంప్రెసరు ఎందుకు కుదుపు లేకుండా తిరుగుతుందో
ఆ మధ్యాహ్నం అర్థమైంది.

శనివారం రాత్రి గాలిదుమారం.
వెనక ముఠా క్వార్టర్లకి పోయే స్తంభం మీద
నల్లతీగ ఊడిపోయింది,
అందరూ సున్నా అని వదిలేసే తీగ.
అక్కడికి వెళ్ళేది రెండు ఫేజులే.
పసుపు మీద వరసంతా, కూలర్లూ ఫ్రిజ్జులూ.
ఎరుపు మీద నాగూర్బీ ఒక్కతే,
ఓ బల్బూ, ఓ పాత టీవీ.

వరసంతా ఎనభై ఎనిమిది. ఫ్యాన్లు మూలుగుతున్నాయి.
నాగూర్బీ ఇంట్లో మూడొందల పది.

పొద్దంతా యార్డులో కాయలకి తొడిమలు తీసే మనిషి,
గడపలో నిలబడి నవ్వుతోంది.
"చూడమ్మాయ్, మా ఇంట్లో
ఇంత వెలుగు ఎన్నడన్నా చూశామా!"
మాట పూర్తి కాలేదు, బల్బు పేలింది.
తరవాత టీవీ వెనక నుంచి సన్నగా పొగ.

మూడొందల పదీ, ఎనభై ఎనిమిదీ.
ఈసారి కూడిక సరిపోయింది.
అందుకే భయమేసింది.

లైను ఆపించి, నిచ్చెనెక్కి,
నల్లతీగ మొన గీకి, బిగించి
దిగేసరికి పదకొండు.

ప్యానెల్ గదిలో కాయలు అలాగే ఉన్నాయి, ఎవరూ ఊడ్చలేదు.
మేస్త్రి నీలం కాయని కాలితో పక్కకి తోశాడు.
"కొసలు కదల్లేదు చూడు. వాటి మధ్య దారం అంతే ఉంది.
జారింది తొడిమల ముడి."
వేలు దారం మీద ఆనించి
పసుపు కొస దాకా జరుపుకుంటూ పోయాడు.
ఎరుపు వైపు దూరం పెరిగిపోయింది.
"ఎవరింట్లో సామాను తక్కువో
వాళ్ళ మీదే పడుద్ది ఓల్టేజీ."
అంతే అన్నాడు. బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

పుస్తకంలో నాలుగొందల అరవై ఇంకా ఉంది.
కొట్టేయలేదు.
దాని కింద మూడొందల తొంభై ఎనిమిది.
దాని కింద, నాగూర్బీ టీవీ, పద్నాలుగు వందలు,
ఎవరివ్వాలి?

చేతులు కడుక్కోవడం మరిచిపోయి
కళ్ళు నలుపుకున్నాను.