బెల్లం మండీలో ఆదివారం

ఈ వారం తాళంచెవి నా వంతు.
పోయిన వారం లైన్‌మన్ దొరస్వామి ఇంట్లో
పెసరపప్పు డబ్బాలో ఉండింది.
పళ్ళ సందుల్లో ఇంకా పప్పు పిండి.

చిత్తూరు సంతపేటలో, సందు చివర, పాత బెల్లం గోడౌన్.
మండీ ఎత్తేసి ఆరేండ్లు.
గోడలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు,
ఎండ ఎక్కితే ఇప్పటికీ తియ్యగా చెమర్చుతాయి.
అందుకే మా బొమ్మల్లో చీమలుంటాయి
ఎవరూ గీయకుండానే.
మొదట్లో గుడ్డతో దులిపేవాళ్ళం.
"మనకు లేని ఫీజు వాటికెందుకక్కా, రానీ" అన్నాడు
పంక్చర్ షాపు ఖాజామొహిద్దీన్,
గ్రీజు చేత్తోనే నెమలి మెడకు నీలం పూస్తూ.

గుమ్మానికి మూడు మెట్లు.
చక్రాల కుర్చీలో వచ్చే అముదవల్లికి
అవి అలిపిరి మెట్లకన్నా ఎక్కువ.
కొండకైతే డోలీ ఉంది.
మూలనపడ్డ కాటా పలకను లాక్కొచ్చి ఒరగబెట్టాం.
బస్తాలు మోసి మోసి దాని నడుమ గుంటపడింది.
ఆ గుంటలో చక్రం ఒక్క క్షణం ఆగుతుంది,
అముద "ఊఁ" అంటుంది,
వెనక ఎవరుంటే వాళ్ళు తోస్తారు.

లెక్కలు నేనే రాస్తాను.
పోయిన నెల రంగులకు, కాగితాలకు
పన్నెండు వందల నలభై.
వచ్చింది పదకొండు వందలు, ఒక గంప టమేటాలు.
టమేటాలు ఏ గడిలో రాయాలో తెలీక
పులుసు పెట్టి అందరికీ వడ్డించాను.

కుప్పమ్మ పదకొండు ఆదివారాలు వచ్చింది.
బ్లేడుతో పెన్సిళ్ళు చెక్కింది.
పొట్టు దోసిట్లో పోగుచేసి బయట పారబోసింది.
గీయమంటే చేతులు కొంగులో దాచేది.
"పల్పు ఫ్యాక్టరీ చేతులు మే,
సొన పట్టి నల్లబడినాయి, కాగితం చెడిపోతాది."
ఎవరం బలవంతం చేయలేదని చెప్పుకుంటాం.
నేను చేశాను.
ఒకసారి ఆమె వేళ్ళమధ్య కుంచె ఇరికించి
పిడికిలి మూసేశాను.
రెండు వారాలు రాలేదు.
ఆ రెండు వారాలూ పిల్లోళ్ళు
మొద్దు పెన్సిళ్ళతోనే గీశారు,
లావు లావు కాళ్ళ మేకలు, మబ్బంత అక్షరాలు.

జూన్‌లో, కాయ దిగడం మొదలైనాక
షిఫ్టు దిగి నేరుగా వచ్చింది.
ఒడిలో ఒక పచ్చి తోతాపురి.
నా వైపు చూడలేదు.
తొడిమ గిల్లింది,
చిమ్మిన సొనను వేలికొసతో పట్టి
కాగితం మీద రాసింది. మళ్ళీ గిల్లింది, మళ్ళీ రాసింది.
మేం చుట్టూ మూగాం.
తడి, అంతే.
ఫ్యాను గాలికి అదీ ఆరిపోయింది.
"అయిపోయిందా అవ్వా?" దొరస్వామి మనవడు.
"ఇప్పుడే యాడ కనపడతాది? వారం పట్టు."
తెల్ల కాగితాన్ని దండేనికి క్లిప్పు పెట్టి పోయింది.

గురువారం గోడౌన్ ఓనరు ఫోన్ చేశాడు.
దసరా దాకానే అమ్మా, తర్వాత బైకుల షోరూం.
ఇంకా ఎవరికీ చెప్పలేదు.
చెప్పాలంటే ముందు తలుపు తీయాలి కదా.

తీశాను.
లైటు వేయకుండా దండెం దగ్గరికే పోయాను.
కాగితంలో గోధుమరంగు గీత పైకి తేలింది.
వీపు తిప్పుకున్న మనిషిలా ఉంది.
తల వంచి చూస్తే
నీళ్ళున్నప్పటి నీవా మలుపులా కూడా.
గోడ దిగిన చీమలు దండెం పట్టుకుని
కాగితం మీదికి వరసగా వస్తున్నాయి,
గీత దాకా వచ్చి, మూతి పెట్టి,
ఒడ్డునే నడుస్తున్నాయి.

కుప్పమ్మ ఎప్పుడొచ్చిందో నా వెనకే నిలబడింది.
"ఇంకా ముదురుతాది" అంది.
కూర్చుని, చేయి చాచి,
బ్లేడు అడిగింది.